ఊదితే తిరిగే గిరక

నాగంపల్లి, ఔరాద్ తాలూకా, బీదర్ జిల్లా
20 జూలై 1967

బావకు శనార్థి.

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ రైల్వే వర్క్‌షాపుకు ఎందుకు వచ్చిందా అని కంగారు పడకు. ఇంటికి రాస్తే, ఎప్పుడూ చేతిలో పని ఉండే అక్కకు నువ్వు అలవాటుగా చదివి వినిపిస్తావు. ఇది అక్క చెవిన పడకూడదు.

పోయిన నెల సంత నుంచి వస్తుంటే బండి ఒరిగింది. ఎద్దులకు ఏమీ కాలేదు. నా కుడిచెయ్యి బండి కింద పడి బొటనవేలు విరిగింది. కట్టు విప్పాక చూస్తే ఎముక అతికింది కానీ వేలు వంగడం మానేసింది. బీదర్ ఆసుపత్రిలో జయానందం అనే కంపౌండరు ఉన్నాడు, మంచివాడు. "రోజు కదిలియ్యకుంటే గది కట్టెనే అయితదన్నా" అని ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడు. ఊరి నడుమ అరుగు మీద కూర్చుని బంతి పిసికే రైతును నువ్వెక్కడైనా చూశావా? పిసికినన్నాళ్లు పిసికి దాన్ని అటక మీద పడేశాను.

నా దిగులు వేరే. దసరా దాటితే జొన్న విత్తాలి. మా ఊళ్లో గొర్రు ఎవరైనా తోలుతారు. దాని వెంట నడుస్తూ గొట్టం మీది గిన్నెలోకి గింజలు వదిలే చెయ్యి మాత్రం నాదే. మా నాయన పోయినప్పటి నుంచి ఊరంతా నన్నే పిలుస్తుంది. అది పిడికిలి పని కాదు, బొటనవేలి పని. బిగిస్తే చేను బోసిపోతుంది, వదిలితే గుబురుగా మొలుస్తుంది. ఇప్పుడు మా దాయాది ఖండప్ప హోటల్ దగ్గర కూర్చుని, "కిష్టన్న చెయ్యి కథ అయిపోయింది, ఈ ఏడు ఇత్తనం నేనేస్త" అంటున్నాడట. ఒక్క ఏడు వాడు వేశాడంటే ఆ తరువాత నన్నెవరూ పిలవరు. చేతివాసి ఒకసారి పోతే తిరిగి రాదు బావా. నాకు అదొక్కటే భయం.

అక్కకు మాత్రం చెప్పకు. పోయినసారి నాకు జ్వరం వస్తే, నన్ను అడగకుండా నా మీసం మైలార మల్లన్నకు మొక్కింది. అది ఇప్పుడిప్పుడే ఒక రూపానికి వస్తోంది.

ఎడమచేత్తో రాశాను. మా ఇంటిది శంకరమ్మ రాసిపెడతానంది కానీ, ఆమె రాస్తే నేను చెప్పనివి కూడా రాస్తుంది.

నీ బామ్మర్ది
కిష్టప్ప

*

లాలాగూడ, సికింద్రాబాదు
29 జూలై 1967

బామ్మర్ది కిష్టప్పకు,

నీ ఉత్తరం చేరింది. ఎడమచేత్తో రాసినా నీ కుడిచేతి రాత కంటే బాగుంది. వేలి సంగతి విని మనసు పాడైంది. తగ్గిపోతుందిలే, వర్క్‌షాపులో ఇలాంటివి మేము ఎన్ని చూడలేదు. ఇక నా కష్టం విను.

మా ఫోర్మన్ దొర ఆస్ట్రేలియాకు వెళ్లిపోతూ తన చేపలు పట్టే గిరకను నాకు ఇచ్చాడు. అరచేతి వెడల్పు ఉంటుంది. అందులో పళ్ల చక్రాలు లేవు, స్ప్రింగులు లేవు. మధ్యలో ఒక ఉక్కు ఇరుసు, దాని మీద చక్రం, అంతే. ఊదితే తిరుగుతుంది. డ్యూటీ నుంచి రాగానే ఒకసారి ఊది, అది ఆగేదాకా చూస్తూ కూర్చుంటాను. ఆదివారాలు చెరువుకు పోయి దానితో ఆడుకుంటాను. ఇది మీ అక్కకు గిట్టదు. "పెండ్లాం మొకం జూసుడు లేదు, గిర్కను జూసుడే సరిపోతాంది" అంటుంది. మొన్న దాన్ని తీసుకుపోయి పాతసామాన్ల వాడి తట్టలో వేసింది. బనీను మీదే వీధి చివరిదాకా ఉరికి తెచ్చుకున్నాను. నలుగురూ చూశారు.

ఇక ఈ ఇంట్లో దానికి క్షేమం లేదు. మీ ఊరి మల్లప్ప పని మీద ఇక్కడికి వచ్చాడు. అతని సంచిలో పెట్టి పంపుతున్నాను. మంజ్రా మీ చేను పక్కనే పారుతోంది కాబట్టి దసరాకు సెలవు పెట్టి వచ్చి అక్కడే వేట చేస్తాను. అప్పటిదాకా భద్రంగా చూసుకో. ఇరుసు పొడిబారనివ్వకు. ఒక మంచి వెదురు గడ కోసి, తీగతో చిన్న చిన్న రింగులు కట్టి ఆరబెట్టు.

కన్నబిడ్డను పంపుతున్నాననుకో.

మీ బావ
భీమప్ప

*

నాగంపల్లి
12 ఆగస్టు 1967

బావకు శనార్థి.

మల్లప్ప సంచి తెచ్చి ఇచ్చాడు. నీ బిడ్డ క్షేమంగా చేరింది. శంకరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "గింత దానికోసం బనీను మీద ఉరికిండా" అంది.

ఇరుసు పొడిబారనివ్వకు అన్నావు కదా. ఇరుసు సంగతి నాకు నువ్వు చెప్పాలా? ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, మా బండికి వేసే కందెననే దట్టంగా పట్టించాను. నా బండికి కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు శంకరమ్మా నేనూ ఇద్దరం కలిసి ఊదినా అది కదలదు. చాలా భద్రంగా ఉంది.

ఇంకో లోపం కూడా సరిచేశాను. దాన్ని ఎవడు చేశాడో కానీ బ్రేకు పెట్టడం మరిచిపోయాడు. పాత చెప్పు తోలు ముక్క కోసి చక్రం పక్కన ఇరికించాను. ఇక అది తనంతట తాను తిరగమన్నా తిరగదు. నా బొటనవేలు ఎలాగూ పనిచేయదు కాబట్టి తోలే ఆ పని చూసుకుంటుంది.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. విత్తనం చెయ్యి పోతుందని నేను ఏడుస్తూ రాస్తే, నువ్వు చేపలు పట్టే సామాను పంపావు. ఖండప్ప సంచిలోకి తొంగి చూసి, "మంచిదే అన్నా, ఇగ ఏటి ఒడ్డుకు గూసుండుడే నీ పని" అన్నాడు. నువ్వు కూడా అదే అనుకుని పంపావా?

నీ బామ్మర్ది
కిష్టప్ప

*

(పోస్టుకార్డు)

లాలాగూడ
17 ఆగస్టు 1967

కిష్టప్పా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. కవరు కొనుక్కునే ఓపిక కూడా లేక కార్డు రాస్తున్నాను. ముందు ఆ కందెన తీసెయ్. కిరోసిన్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో ఇరుసు మెరిసేదాకా తుడువు. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యి. రెండో చుక్క వేస్తే నా మీద ఒట్టే. తోలు ముక్క పీకి పారెయ్. బ్రేకు ఎవరూ మరిచిపోలేదు. ఆ గిరకకు బ్రేకు మనిషి బొటనవేలే. గడ మొదట్లో బిగించు. దారం గిరక కింది వైపు నుంచి బయటికి రావాలి. అంచుదాకా నింపకు. బెండును పారే నీటిలో వదిలి, చక్రం అంచు మీద వేలు ఆనించు. నీరు ఎంత అడిగితే అంత దారం పోవాలి. వేలు బిగిస్తే బెండు ఆగిపోయి పక్కకు కొట్టుకుపోతుంది. వేలు ఎత్తేస్తే చక్రం పిచ్చెత్తినట్టు తిరిగి దారమంతా చిక్కుపడుతుంది. చేప పరిగెత్తేటప్పుడు చక్రం పిడి పట్టుకోకు, వేళ్ల కణుపులు పగులుతాయి. మొత్తం పని బొటనవేలిదే. సరైన బొటనవేలు లేనివాడు దాన్ని ముట్టుకోకూడదు. ఇక చోటు లేదు.

భీమప్ప

*

నాగంపల్లి
24 ఆగస్టు 1967

భీమప్పగారికి నమస్కారాలు.

తమరి కార్డు చేరింది. నాకంటే ముందు ఊరికి చేరింది. కవరైతే నా ఒక్కడికే వచ్చేది. కార్డు కాబట్టి హోటల్ దగ్గర ఎవరో తీసుకుని పైకి చదివారు. "సరైన బొటనవేలు లేనివాడు దాన్ని ముట్టుకోకూడదు" అన్న ముక్క ఖండప్పకు బాగా నచ్చి మళ్లీ చదివించుకున్నాడట. ఇప్పుడు నేను బీడీ కట్ట ముట్టుకున్నా, చాయ్ గిలాస ముట్టుకున్నా, "అన్నా, బొటనేలు సరిగున్నదా" అని అడుగుతున్నారు. మీ మాట మా ఊళ్లో సామెత అయిపోయింది.

గిరకను సంచిలో పెట్టి మూతి కట్టాను. మల్లప్ప అటు వచ్చినప్పుడు పంపుతాను. నా వేలు వంగకపోతే నవ్వడానికి ఊళ్లో కావలసినంత మంది ఉన్నారు. సికింద్రాబాదు నుంచి మనిషిని పిలిపించుకోవలసిన అవసరం లేదు.

తమరు పెద్దవారు, ఇంతకంటే ఏమీ అనను. అక్క క్షేమం మాత్రం రాయించండి.

ఇట్లు
కిష్టప్ప

*

లాలాగూడ
30 ఆగస్టు 1967

కిష్టప్పా,

ఈసారి కవరే కొన్నాను, గోందుతో కూడా అంటించాను.

నిన్ను ఎగతాళి చేయడానికి ఆ కార్డు రాయలేదు. రాస్తున్నంతసేపూ నా కళ్ల ముందు గిరకే ఉంది, నీ వేలు గుర్తే లేదు. అది ఎగతాళి కంటే అన్యాయం, ఒప్పుకుంటాను. నన్ను నోటికి వచ్చినట్టు తిట్టు. కానీ 'తమరు' అనకు. పెళ్లయిన కొత్తలో అలిగి కూర్చున్నప్పుడు కూడా మీ ఇంట్లో నన్నెవరూ ఆ మాట అనలేదు.

అసలు కొంప మునిగింది వేరే చోట. కోపంలో నువ్వు ఉత్తరం వర్క్‌షాపుకు కాకుండా ఇంటికి రాశావు. మీ అక్క బియ్యం ఏరుతూ చదవమంది. నేను మొదలుపెట్టాను. 'నా వేలు' దగ్గర ఆగాను కానీ అప్పటికే ఆలస్యమైంది. "ఎందుకాగినవ్? నా తమ్ముని ఏలుకు ఏమైంది?" అంది. చెప్పక తప్పలేదు. చాటలో బియ్యం చాటలోనే ఉన్నాయి, ఆమె ఏడుస్తూ దేవుడి మూలకు పోయి మైలార మల్లన్నకు మొక్కింది. నీ మీసం ఇప్పుడిప్పుడే వస్తోందని జాలిపడి, ఈసారి నా మీసం మొక్కింది. నీ చేత్తో వేసిన విత్తనం మొలిస్తే నా మీసం మల్లన్నకు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పెంచిన మీసం ఇది. నీ వేలు బాగుపడాలని నేను నిజంగానే కోరుకుంటున్నాను కిష్టప్పా. ఇంత బాధతో ఆ మాట ఎవరూ రాసి ఉండరు.

గిరకను పంపకు. మీ కంపౌండరు వేలు కదిలించమన్నాడు కదా. బంతి పిసకడం సిగ్గనిపిస్తే ఏటి దగ్గర నిలబడు. బలం పెట్టనక్కరలేదు. పసిబిడ్డకు జ్వరం ఉందేమోనని నుదురు తాకినట్టు తాకితే చాలు. నొప్పి పుడితే మాను. గిరక పాడైపోతే పోయింది, నాకు నువ్వు కావాలి.

మీ బావ
భీమప్ప

*

నాగంపల్లి
21 సెప్టెంబరు 1967

బావకు శనార్థి. బావ అన్నాను, గమనించు.

నీ మాట మీద మొదలుపెట్టలేదు. నీ మీద కోపంతోనే మొదలుపెట్టాను. కిరోసిన్‌లో కడిగి, దర్జీ దగ్గర ఒక చుక్క నూనె అడిగి వేసి ఊదాను. అది తిరిగింది చూడు, చప్పుడు లేదు, తొందర లేదు, తిరుగుతూనే ఉంది. శంకరమ్మ నేను ఊదుతానని లాక్కుంది. రొట్టె మాడిపోయింది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి ఎందుకు కూర్చుంటావో అప్పుడు తెలిసింది.

ఏటి దగ్గర మాత్రం పరువు పోయింది. వేలు సమయానికి ఆనలేదు, దారమంతా గిరక మీద చిక్కుముడి. దాన్ని ఇంటికి తెస్తే శంకరమ్మ తల దువ్వుకునే ఈర్పెన ముల్లుతో ఒక్కొక్క పోగూ విడదీస్తూ, "గిదేం ఏటనో, పట్టుడు లేదు, విప్పుడే ఉన్నది" అంది. ఇంకోసారి చేప లాగింది. నువ్వు వద్దన్న పిడినే పట్టుకున్నాను. అది గిర్రున తిరిగి మిగతా వేళ్లను కూడా చితక్కొట్టింది. ఖండప్ప గట్టు మీద నిలబడి, "ఉన్న ఏళ్లు గూడ పోతున్నయన్నా" అని జాలిపడ్డాడు.

అయినా పోతూనే ఉన్నాను. ఒక పొద్దున ఏరు తేటగా పారుతోంది. బెండు వదిలాను. చక్రం అంచు నా వేలి కింద సన్నగా జారడం మొదలైంది. ఆ జారుడు నాకు తెలుసు బావా. గిన్నెలోకి జొన్నలు జారేటప్పుడు నా వేలికి తెలిసేది అదే. అక్కడ ఎద్దుల నడకను బట్టి వదలాలి, ఇక్కడ నీటి నడకను బట్టి వదలాలి. బెండు ఆగలేదు, ఉరకలేదు, నీటితోపాటు వంపు దాకా పోయింది. చేప ఏదీ పడలేదు. నేను ఒడ్డున నిలబడి ఏడ్చాను. చుట్టుపక్కల గొర్రెలు తప్ప ఎవరూ లేరు కాబట్టి ఇది నీకు రాస్తున్నాను.

ఇప్పుడు వేలు సగం వంగుతోంది. సాయంత్రానికి వాస్తుంది. జయానందం నొక్కి చూసి, "బంతి బాగ పిసికినట్టున్నవ్" అన్నాడు. అవునన్నాను. మంచివాడిని ఎందుకు బాధపెట్టడం.

ఖండప్ప గొర్రుకు కొత్త కర్రులు వేయించాడు. కొన్ని ఇళ్లవాళ్లు అప్పుడే వాడికి మాట ఇచ్చారు. ముందు నా చేను విత్తి చూపిస్తేనే మిగతావాళ్లు నా కోసం ఆగుతారు. మధ్యలో వేలు మొండికేస్తే ఊరందరి ముందే మొండికేస్తుంది.

నిజం చెప్పు. ఈ సంగతి తెలిసే గిరక పంపావా?

నీ బామ్మర్ది
కిష్టప్ప

*

లాలాగూడ
28 సెప్టెంబరు 1967

బామ్మర్ది కిష్టప్పకు,

తెలిసే పంపాను. ఫిట్టరు కన్ను అంటే ఏమనుకున్నావు? నీ మొదటి ఉత్తరం చదవగానే విత్తనం చెయ్యి, గిరక వేలు, రెండూ ఒకటేనని నాకు తట్టింది. ముందే చెబితే మందు అని పారేస్తావని, భద్రంగా ఉంచమని ఒక సాకు పెట్టాను. కందెన నువ్వు పూస్తావని మాత్రం ఊహించలేదు.

దసరాకు సెలవు దొరకలేదు. ఇంజన్లు వరుసగా వచ్చి పడ్డాయి. నేను నీ పక్కన ఉండాల్సింది, ఉండలేకపోతున్నాను. విత్తే రోజున గట్టు మీద ఎవడు నిలబడ్డాడో చూడకు. ఖండప్ప గుర్తొస్తే వేలు బిగుస్తుంది, వేలు బిగిస్తే చేను బోసిపోతుంది. నొప్పి వస్తే గొర్రు ఆపించు. ఆగడం నామోషీ కాదు.

మీ బావ
భీమప్ప

తమ్మీ, ఇది నేను భాగీరథిని రాస్తున్న. నీ బావ పైన రాసింది అంత అబద్ధం. నేను తట్టల ఏసిన గిర్కను దాసిపెట్టనీకె నీకు పంపిండు. నీ ఏలు ఆయినకు యాదే లేదు. గని ఇప్పుడు మాత్రం పొద్దుగాల లేస్తె ముందు నీ ఏలు సంగతే అడుగుతుండు, ఎన్క అద్దంల మీసం జూసుకుంటుండు. మొలక రాంగనె రాయి. కత్తెర నూరిపిచ్చిన.

*

నాగంపల్లి
25 అక్టోబరు 1967

బావకు, అక్కకు శనార్థి.

అక్షరాలు కుదురుగా ఉన్నాయని మురిసిపోకు. ఇది శంకరమ్మ రాస్తోంది. ఊళ్లో చేలన్నీ విత్తి విత్తి నా చెయ్యి పెన్ను పట్టేలా లేదు. అవును బావా, విత్తి విత్తి.

ముందు నా చేను సంగతి. ఆ పొద్దున గట్టు మీద జాతరకు వచ్చినట్టు వచ్చారు. ఖండప్ప అందరికంటే ముందు నిలబడ్డాడు. నేను చూడలేదు, నువ్వు చెప్పినట్టే. మల్లప్ప గొర్రు తోలాడు. మొదటి సాళ్లలో గింజ నా వేలి కింద ఏటి నీళ్లలా నడిచింది. చేను నడుమకు వచ్చేసరికి వేలు బిగుసుకుపోయింది. గొర్రు ఆపించాను. గట్టు మీద ఎవరో దగ్గారు. చెయ్యి విదిలించి, ఊపిరి తీసుకుని, పసిబిడ్డ నుదురు తాకినట్టు వేలు మళ్లీ ఆనించాను. "నడువు మల్లప్పా" అన్నాను. నడిచింది.

ఆ తరువాత రోజులు ఎలా గడిచాయో అడగకు. చేనుకు పోవడానికి నాకు ధైర్యం లేక రోజూ శంకరమ్మను పంపాను. ఒక పొద్దున ఆమె తిరిగి వచ్చి పొయ్యి వెలిగించి, బెల్లం తీసి పాయసం మొదలుపెట్టింది. నేను ఉరికాను. సాలు వెంట సాలు పచ్చగా మొలిచింది. అబద్ధం చెప్పను, నేను ఆగిన చోట కొంచెం పలచగా ఉంది. మిగతాదంతా మా నాయన విత్తినట్టే ఉంది. నీ మీసం విషయంలో నాకు బాధగానే ఉంది బావా, కానీ అంత బాధగా లేదు.

ఊరంతా వచ్చి చూసింది. అప్పటి నుంచి తెల్లారితే ఎవరో ఒకరు ఎడ్లను తోలుకుని వాకిట్లోకి వస్తున్నారు.

ఖండప్ప తన దిగువ చేను తానే విత్తుకున్నాడు. ఒకచోట గుబురు, ఒకచోట బోసి. దారిన పోయేవాళ్లంతా చూస్తున్నారు కాబట్టి ఎవరూ ఏమీ అననక్కరలేదు. నిన్న పాలు పిండే వేళ మా ఇంటికి వచ్చాడు. తేమ గురించి మాట్లాడాడు, ఏటిలో చేపల గురించి మాట్లాడాడు. శంకరమ్మ చాయ్ ఇస్తే తాగాడు. గిలాస కింద పెట్టి, దాన్నే చూస్తూ, "అన్నా, నా ఎగువ చేను ఇంక ఇత్తలే. జర నీ చెయ్యి పెడ్తవా" అన్నాడు.

వాడి కోసం నేను ఎన్ని మాటలు నూరి పెట్టుకున్నానో నీకు తెలుసు. "పొద్దుగాల్నే ఎడ్లను గట్టు, వస్త" అన్నాను.

వాడు పోయాక శంకరమ్మ నా మీద లేచింది. ఈ ముక్క రాయనంటోంది, రాయమన్నాను. "గన్ని మాటలన్నోని చేన్ల నీ చెయ్యెట్ల పెడ్తవ్?" అని అడిగింది.

"వాడన్నడు గని, గింజలు ఏమన్నయే" అన్నాను.

నీ బామ్మర్ది
కిష్టప్ప